కదలనిదే మిగులుతుంది

మా పిన్ని కూతురు ఫోటోగ్రఫీ చదువుతోంది. ఆఖరి సంవత్సరం. ఆ మధ్య తన ప్రాజెక్టు ఫోటోలు పన్నెండు పంపించి, "జ్యూరీకి ఇంకా పది రోజులుంది అన్నయ్యా, చూసి ఏమనిపించిందో చెప్పు" అంది. ప్రాజెక్టు పేరు 'లేకపోవడం'. తెనాలిలో మా అమ్మమ్మ ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశారు. సామాన్లు ఖాళీ చేసిన వారం రోజులూ తను అక్కడే ఉండి తీసిన ఫోటోలవి. ఎక్కువ వాటిలో పెచ్చులూడిన గోడలు, తలుపుల్లేని గుమ్మాలు, వాటి మధ్య తెల్ల చున్నీ వేసుకుని పొగలా కరిగిపోతున్న తనే. అన్నీ బ్లాక్ అండ్ వైట్.

చూసిన రెండు నిమిషాలకే మెసేజ్ పెట్టాను: "ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ గుర్తొచ్చింది." మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. నాకు వుడ్‌మన్ తెలుసని చెప్పుకోవడం కూడా అందులో కొంచెం ఉందేమో. బ్లూ టిక్ పడింది. రెండు రోజులు జవాబు లేదు.

ఆ రెండు రోజులూ వుడ్‌మన్ ఫోటోలు మళ్ళీ ముందేసుకుని కూర్చున్నాను. ఈ వ్యాసం అలా మొదలైంది. నేను ఫోటోగ్రాఫర్ని కాదు, కోడ్ రాసి బతికేవాణ్ణి. కానీ "ఎవరిలాగో ఉంది" అని ఒక విద్యార్థితో అనడం ఎంత సులువో, ఎంత తక్కువ చెబుతుందో ఆ రెండు రోజుల్లో కాస్త అర్థమైంది.

వుడ్‌మన్ అనగానే మనం ఒక 'గొప్ప కళాకారిణి'ని ఊహించుకుంటాం. నిజానికి ఆమె చాలాభాగం స్టూడెంట్‌గానే పనిచేసింది. 1958లో పుట్టింది. అమ్మ బెట్టీ సెరామిక్స్ చేసేది, నాన్న జార్జ్ పెయింటర్. 1975 నుంచి 1978 దాకా అమెరికాలో ప్రావిడెన్స్‌లోని రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో చదివింది. అందులో ఒక ఏడాది రోమ్‌లో. 1981 జనవరిలో, ఇరవై రెండేళ్ళకే ఆత్మహత్య చేసుకుంది. ఇవాళ మ్యూజియంలలో గోడలకి కనిపించే ఆమె ఫోటోల్లో ఎన్నో ఆ కాలేజీ రోజులవే. మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్ట్ వర్కులు.

1976 నాటి 'హౌస్ నంబర్ 3' తీసుకోండి. ప్రావిడెన్స్‌లో ఒక పాడుబడ్డ ఇంటి గది. కిటికీ, దాని కింద గోడ, నేలంతా రాలిపడిన పెచ్చులు, కాగితం ముక్కలు. గది మొత్తం స్పష్టంగా ఉంది. పలకల మధ్య సందులు కూడా లెక్కపెట్టొచ్చు. కిటికీ కింద నక్కి ఉన్న మనిషి మాత్రం చెరిగిపోయి ఉంది. అదే ఏడాది తీసిన 'స్పేస్ స్క్వేర్డ్' వరసలో ఒక ఫోటోలో, చిరిగిన వాల్‌పేపర్ ముక్కల్ని ఒంటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడుతుంది. మనిషి గోడలోకి వెళ్తోందా, గోడలోంచి బయటికొస్తోందా తేలదు. ఇందులో డార్క్‌రూమ్ మాయ ఏమీ లేదు. కెమెరా, ట్రైపాడ్, తెరిచి ఉంచిన షట్టర్, ఒక ఒళ్ళు. అంతే.

ఆమె చనిపోయాక 1986లో వెల్స్‌లీ కాలేజీ మ్యూజియంలో పెద్ద ప్రదర్శన జరిగింది. దాని కేటలాగులో రోజలిండ్ క్రౌస్ రాసిన వ్యాసం పేరు 'ప్రాబ్లమ్ సెట్స్'. ఇంజనీరింగ్ చదివినవాడికి ఆ పేరు చూడగానే నవ్వొస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది. క్రౌస్ వాదన స్థూలంగా ఇది: ఈ ఫోటోల వెనక ఆర్ట్ స్కూల్ ఇచ్చిన అసైన్‌మెంట్లున్నాయి. స్థలాన్ని చూపించు, పరిమాణాన్ని చూపించు లాంటి లెక్కలు. వుడ్‌మన్ ప్రత్యేకత ఏమిటంటే, అందరికీ ఇచ్చిన ఆ లెక్కని తన సొంత లెక్కగా మార్చుకుని, తన ఒంటితో చేయడం.

నాకు ఈ మాట బాగా తగిలింది. మా కాలేజీలో ల్యాబ్ రికార్డులు ఎలా రాసేవాళ్ళమో నాకు తెలుసు. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, ఆన్సర్ ముందు రాసి, దానికి సరిపోయేట్టు రీడింగులు వెనక్కి లెక్కగట్టేవాళ్ళం. గ్రాఫు ఎప్పుడూ నున్నగా వచ్చేది. ఏ ప్రయోగమూ మమ్మల్ని ఆశ్చర్యపరచలేదు, ఎందుకంటే ఏ ప్రయోగమూ చేయలేదు. ఇప్పుడు చూస్తే, స్టూడెంట్ ఫోటో ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం నాకు ఆ రికార్డుల్లాగే అనిపిస్తాయి. థీమ్ ముందే ఉంటుంది: ఒంటరితనం, జ్ఞాపకం, నగరం, అస్తిత్వం. దానికి తగిన రీడింగులూ రెడీగా ఉంటాయి. ఒంటరితనమైతే బ్లాక్ అండ్ వైట్, జ్ఞాపకమైతే డబుల్ ఎక్స్‌పోజర్, నగరమైతే ఫ్లైఓవర్ మీద కార్ల లైట్ల గీతలు, లేకపోవడమైతే కరిగిపోయే అమ్మాయి. టెక్నిక్ ఇక్కడ థీమ్‌కి తొడిగిన చొక్కా. విప్పేసి ఇంకోటి తొడిగినా ఎవరికీ తేడా తెలియదు.

మరి వుడ్‌మన్‌దీ కరిగిపోయే అమ్మాయే కదా? తేడా ఏంటి?

ఒక జవాబు చాలామంది ఇచ్చేస్తారు: ఆమె నిజంగానే వెళ్ళిపోయింది కాబట్టి. ప్రతి బ్లర్‌లోనూ చావుని చూడటం. ఇది నాకు నచ్చదు. ఆ ఫోటోలు తీసినప్పటికి ఆమెకి పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. వాటిల్లో అల్లరి కూడా ఉంది. 'అబౌట్ బీయింగ్ మై మోడల్' అనే ఫోటోలో ముగ్గురు నగ్న స్త్రీలు ముఖాలకి వుడ్‌మన్ ముఖం ఉన్న ఫోటో అడ్డం పెట్టుకుని నిలబడతారు. అదే ముఖం ఇంకోటి పక్కన గోడకి. ఇది చావుని తలుచుకుంటున్న పిల్ల పని కాదు, సెల్ఫ్ పోర్ట్రెయిట్ అనే మాటనే ఆటపట్టిస్తున్న పిల్ల పని. ఆఖరి పేజీ తెలుసని మొదటి పేజీ నుంచీ ఏడుస్తూ చదివితే, మధ్యలో ఉన్న పుస్తకం పోతుంది.

నాకు తోచిన జవాబు వేరే. అది తెలియాలంటే కాస్త వెనక్కి, 1838కి వెళ్ళాలి. లూయీ డాగ్వేర్ ప్యారిస్‌లో ఒక కిటికీలోంచి 'బులవార్ ద్యు తాంప్ల్' అనే వీధిని ఫోటో తీశాడు. రద్దీ వీధి. బళ్ళు, గుర్రాలు, జనం. ఫోటోలో మాత్రం వీధి ఖాళీ. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది కాబట్టి కదిలేవాళ్ళెవరూ నిలవలేదు. ఒక మూల మాత్రం ఒక మనిషి మిగిలాడు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు కాబట్టి.

లాంగ్ ఎక్స్‌పోజర్ చేసే పని ఇదే. అది దెయ్యాల్ని తయారు చేయదు. ఎవరు ఎంతసేపు ఉన్నారో లెక్కగడుతుంది. ఉన్నదానికి ఉన్నంత, వెళ్ళినదానికి వెళ్ళినంత. అది ఒక కొలత. వుడ్‌మన్ ఫోటోలు ఈ కొలతని అర్థం చేసుకున్నాయి. ఆ పాత ఇల్లు ఆమె కంటే ఎక్కువసేపు అక్కడుంది, ఉంటుంది. ఆమె కొన్ని క్షణాల అతిథి. ఫోటో అదే నిష్పత్తిలో చెబుతుంది. ఇంకో ఫోటోలో ఆమె కుర్చీలో కూర్చుని ఉంటుంది, ముందు నేల మీద చల్లిన పొడిలో ఆమె ఒంటి అచ్చు. మనిషి, మనిషి వదిలిన గుర్తు ఒకే ఫ్రేములో. ఫోటో అంటే ఏమిటో ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల నేల మీద పడుకుని లేచి చూపించింది. అక్కడ టెక్నిక్‌ని థీమ్ నుంచి విడదీయలేం. విడదీస్తే థీమే మిగలదు.

ఇప్పుడు మా చెల్లి ఫోటోల దగ్గరికి వస్తాను. పన్నెండింటిలో ఎనిమిది తెల్ల చున్నీవి. అవి పనిచేయవు. అది వుడ్‌మన్ కాపీ అని కాదు. వుడ్‌మన్ కూడా సర్రియలిస్టుల్ని ఇష్టంగా చూసి నేర్చుకున్నదే. రోమ్‌లో ఆమె స్నేహం చేసిందీ, ప్రదర్శన పెట్టిందీ అలాంటి పుస్తకాలు అమ్మే ఒక షాపులో. కాపీ చేయకుండా ఎవరూ నేర్చుకోరు. ఇవి పనిచేయకపోవడానికి కారణం, కొలత తప్పడం. ఆ ఇంట్లోంచి వెళ్ళిపోతున్నది చెల్లి కాదు. తను హైదరాబాద్ హాస్టల్లో ఉండే పిల్ల. వేసవి సెలవులకి వచ్చే మనిషి. నాలాగే. ఆ చున్నీ ఆ ఇంటికి చుట్టం, అంతే.

తొమ్మిదో ఫోటో వేరు. వసారా. పట్టపగలు. అమ్మమ్మ చెక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ చుట్టూ సామాన్లు మోసే కుర్రాళ్ళు, మా మావయ్య, పిన్ని, లారీ దాకా వెళ్ళి వచ్చే ప్రతి ఒక్కరూ పొగ. బీరువా ఒకటి గాల్లో తేలుతున్నట్టు సగం కనిపిస్తుంది. అమ్మమ్మ మాత్రం చీర అంచు దాకా స్పష్టంగా ఉంది. చేతిలో తాళాల గుత్తి ఒక్కటే కొంచెం చెదిరింది. వేళ్ళతో తిప్పుతోంది కాబోలు.

ఎండలో అన్ని సెకన్లు షట్టర్ తెరిచి ఉంచాలంటే లెన్స్‌కి నల్ల ఎన్.డి. ఫిల్టర్ పెట్టాలి, లేకపోతే ఫోటో తెల్లకాగితమైపోతుంది. అది చెల్లికి తెలుసు. ఫోన్ చేసి అడిగాను, "అమ్మమ్మని కదలొద్దని చెప్పావా?"

"లేదన్నయ్యా. ఆ రోజు పొద్దుట్నుంచీ అలాగే కూర్చుంది."

నాకు కాసేపు మాట రాలేదు. వుడ్‌మన్ దగ్గర ఇల్లు నిలిచి మనిషి చెదిరింది. ఇక్కడ అదే టెక్నిక్ తిరగబడింది. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళం చెదిరిపోయాం, ఇల్లు తనదైన మనిషి మిగిలింది. నలభై ఏళ్ళు ఆ వసారాలో ఉన్న మనిషికి కెమెరా తన పద్ధతిలో లెక్కగట్టి హక్కు రాసిచ్చింది. కాగితాల మీద ఆ ఇల్లు మా అమ్మా వాళ్ళందరూ సంతకాలు పెట్టి ఇచ్చేసిందే. ఆ రోజు నేను ఆఫీసు రిలీజ్ ఉందని వెళ్ళలేదు. వెళ్ళుంటే నేనూ ఆ పొగలో ఒకణ్ణి అయ్యుండేవాణ్ణి.

ఇదే ఫోటో గురించి మా ఇద్దరికీ గొడవ కూడా అయింది. ఒరిజినల్ ఫైల్ పంపమంటే పంపింది. అందులో గేటు పక్కన బిల్డర్ ఫ్లెక్సీ ఉంది, రాబోయే అపార్ట్‌మెంట్ రంగుల బొమ్మతో. ప్రాజెక్టు ఫోటోలో అది లేదు. ఎడిటింగులో తీసేసి, దాని స్థానంలో పక్కనున్న గోడనే అతికించింది. నాకు కోపమొచ్చింది. 'లేకపోవడం' అని పేరు పెట్టి, అసలు కారణాన్నే లేకుండా చేశావేంటి అన్నాను.

ఎడిటింగ్ తప్పని కాదు నా ఉద్దేశం. ఫోటోలో అతుకులు ఫోటోషాప్‌తో పుట్టలేదు. ఆస్కర్ రైలాండర్ 1857లోనే ముప్ఫైకి పైగా నెగెటివ్‌లు కలిపి 'టూ వేస్ ఆఫ్ లైఫ్' అనే ఒకే చిత్రం తయారుచేశాడు. మన దేశంలో వివాన్ సుందరం 2001-02లో 'రీటేక్ ఆఫ్ అమృత' చేశాడు. తాత ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన కుటుంబం ఫోటోల్ని కంప్యూటర్‌లో కలిపి, వేర్వేరు కాలాల మనుషుల్ని ఒకే గదిలో ఎదురెదురుగా పెట్టాడు. అమృతా షేర్‌గిల్ అతనికి పెద్దమ్మ. ఆ అతుకు అబద్ధం కాదు, ఎందుకంటే అతుకు అని మనకి తెలుస్తూనే ఉంటుంది, ఆ తెలియడమే అక్కడ విషయం. ఒక కుటుంబం తనని తాను ఎలా గుర్తుంచుకుంటుందో చూపించే అతుకు అది. చెల్లి చేసింది అది కాదు, కనబడకుండా తుడవడం. దాంతో ఒక సంఘటన కాస్తా 'ఫీల్' అయిపోయింది. బ్లాక్ అండ్ వైట్ కూడా అదే పని చేసింది. ఏ ఏడాదిదో తెలియని దుఃఖం. ఫ్లెక్సీ ఉంటే అది మొన్నటి దుఃఖం, మనది.

ఇదంతా పెద్ద మెసేజ్‌గా రాసి పంపాను. ఈసారి వెంటనే ఫోన్ చేసింది.

"అది తీసెయ్యమంది అమ్మమ్మే అన్నయ్యా. ఫోన్లో చూపిస్తే, ఆ బోర్డు ఎందుకే తల్లీ అంది. అందుకని తీసేశాను. నువ్వు రాసినవన్నీ నాకు తెలియవనుకున్నావా?"

విమర్శ రాసేవాళ్ళకి ఇలాంటి ఫోన్లు అప్పుడప్పుడూ రావాలి. ఫోటోలో ఉన్న మనిషికీ ఫోటో మీద ఒక మాట ఉంటుందని నేను రాసిన అంత పెద్ద మెసేజ్‌లో ఎక్కడా లేదు. వుడ్‌మన్‌కి ఈ చిక్కు తక్కువ. ఎక్కువసార్లు తన ఒంటినే వాడుకుంది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. ఇంట్లోవాళ్ళ మీద ప్రాజెక్టు చేసే పిల్లలు ఆ సౌకర్యం వదులుకుంటారు. అది ఏ అసైన్‌మెంట్ పేపర్ మీదా ఉండదు. అదీ ఒక లెక్కే, ఆన్సర్ వెనక పేజీలో లేని లెక్క.

చివరికి చెల్లి రెండు ప్రింట్లు వేయించింది. జ్యూరీకి రంగుల్లో, ఫ్లెక్సీతో. అమ్మమ్మకి బ్లాక్ అండ్ వైట్‌లో, ఫ్లెక్సీ లేకుండా. చున్నీ ఫోటోలు ఎనిమిదింటిలో ఏడు తీసేసింది. ఒకటి ఉంచుకుంది, "నాకిష్టం" అంది. అమ్మమ్మ ప్రింటు నాకింకా తప్పే అనిపిస్తుంది. కానీ ఎవరికి తప్పు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రింటు ఇప్పుడు గుంటూరులో పిన్ని వాళ్ళింట్లో అమ్మమ్మ మంచం ఎదురుగా ఉంది. పోయిన నెల వెళ్ళినప్పుడు ఆవిడ దాన్ని చాలాసేపు చూసి అడిగింది.

"ఏరా, వీళ్ళంతా ఇలా అలుక్కుపోయారేంటి?"

"కదిలారు కదా అమ్మమ్మా, అందుకని."

"నేను కదల్లేదా?"

"లేదు."

"అవునులే" అని అటు తిరిగి పడుకుంది.