తగలని దెబ్బ

మా ఇంట్లో పుర్రచెయ్యి ఇద్దరికే, నాయనమ్మకీ నాకూ. మాది ఉద్దానం. ఆవిడ జీడిపిక్క కొట్టినా, కొబ్బరికాయ పీచు తీసినా ఎడంచేత్తోనే. అన్నం మాత్రం కుడిచేత్తో తినేది. ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సొస్తే చెయ్యి తనంతట తనే మారిపోయేది. నాకు ఆ మార్పు అంత సులువుగా రాలేదు. చిన్నప్పుడు ఒక మాస్టారు నా ఎడమ అరచేతి మీద స్కేలుతో కొట్టి, బలపాన్ని కుడిచేతికి మార్పించారు. నా దస్తూరీ ఇప్పటికీ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటుంది.

ముప్పై మూడేళ్లొచ్చాక, హైదరాబాద్‌లో ఆఫీసు దగ్గరున్న ఒక బాక్సింగ్ జిమ్‌లో చేరాను. కోచ్ నిలబడమంటే నా కుడికాలు దానంతటదే ముందుకి వెళ్లింది. ఆయన చూసి, "ఎడంచేతి వాటమా? మంచిది. నిన్ను కొట్టడం కష్టం" అన్నాడు. మొదటి నెలంతా నన్ను కొట్టడం ఎవరికీ కష్టం కాలేదు. ఆయన అన్న మాటకి అర్థమేంటో తెలుసుకోవాలని రాత్రిళ్లు పాత మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాను. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

ముందు లెక్క. ప్రతి పదిమందిలో దాదాపు ఒకరిది ఎడంచేతి వాటం. కాబట్టి కుడిచేతి బాక్సర్ జీవితమంతా ఎక్కువగా తనలాంటి వాళ్లతోనే సాధన చేస్తాడు. ఎడంచేతివాడూ కుడిచేతి వాళ్లతోనే సాధన చేస్తాడు. ఎదురుపడినప్పుడు ఒకడికి ఇది రోజూ చూసే ముఖం, రెండోవాడికి ఎప్పుడో గానీ కనబడని ముఖం.

తర్వాత కాళ్లు. మామూలుగా బాక్సర్ ఎడమకాలు ముందు పెట్టి, ఎడంచేత్తో జ్యాబ్ విసురుతూ, బలమైన కుడిచేతిని వెనక దాచుకుంటాడు. సౌత్‌పాది దీనికి అద్దంలో బొమ్మ. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే ముందుకాళ్లు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ముందుచేతులు ఒకే దారిలో తారసపడతాయి. జ్యాబ్ వచ్చే దారిలో అప్పటికే ఇంకో చెయ్యి కాపలా కాస్తుంటుంది. ఇక అసలు భయం ఎదుటివాడి కుడిచేతి గుద్దుతో. అందుకే సౌత్‌పా తన కుడివైపుకి, అంటే ఆ చేతికి దూరంగా, జరుగుతాడు. తన ముందుకాలిని ఎదుటివాడి ముందుకాలికి బయట పెడతాడు. ఆ జానెడు జాగా దొరికిందంటే అతని తల ఆ గుద్దు వచ్చే దారిలోంచి తప్పుకున్నట్టే. అతని ఎడమచేతికి మాత్రం ఎదుటివాడి గెడ్డందాకా దారి తెరిచే ఉంటుంది.

ఇంతవరకూ ఎవరైనా నేర్పగలరు. పెర్నెల్ విటేకర్‌ని చూశాక తెలిసింది, ఇది ఓనమాలేనని. 1984 ఒలింపిక్స్ స్వర్ణ విజేత, వర్జీనియాలోని నార్ఫోక్ వాడు. దెబ్బ తప్పించుకోవడమంటే పారిపోవడం అనుకుంటాం కదా. విటేకర్ పారిపోడు. ఎదుటివాడి చేతికి అందే దూరంలోనే నిలబడతాడు. కుడి జ్యాబ్‌తో వాడి చూపుని కట్టేసి, మోకాళ్లు వంచి, నడుము మడిచి, గ్లవ్ చెవి పక్కనుంచి పోయేంత మాత్రమే పక్కకి తప్పుకుంటాడు. దూరంగా పోయి తప్పించుకుంటే తిరిగి కొట్టలేడు. దగ్గరుండి తప్పించుకున్నాడు కాబట్టే, ఎదుటివాడు గాల్లో గుద్ది తూలుతున్న ఆ క్షణం అతనిది అయిపోతుంది.

1993 సెప్టెంబరు 10న శాన్ ఆంటోనియోలోని ఆలమోడోమ్‌లో అతను హూలియో సీజర్ చావెజ్‌తో తలపడ్డాడు. చావెజ్ అప్పటికి 87 పోటీలాడి ఒక్కటీ ఓడిపోలేదు. జనంలో ఎక్కువమంది చావెజ్ అభిమానులే. పన్నెండు రౌండ్లు అయ్యాయి. ఒక జడ్జి 115-113తో విటేకర్‌కి ఇచ్చాడు. మిగతా ఇద్దరూ 115-115 అన్నారు. డ్రా. అమెరికా పత్రికలు దోపిడీ అన్నాయి.

నేను ఈ మ్యాచ్‌ని రెండుసార్లు చూశాను, ఒకసారి శబ్దంతో, ఒకసారి శబ్దం తీసేసి. శబ్దంతో చూస్తే చావెజ్ గుద్దు గ్లవ్‌ని తాకినా, భుజాన్ని తాకినా, అసలు తాకకపోయినా జనం అరుస్తారు. ఆ అరుపులో చావెజ్ ముందుకొస్తున్నాడు, కొడుతున్నాడు. శబ్దం తీసేస్తే ఒక మనిషి ఎక్కడ గుద్దుదామన్నా అక్కడ ఎవరూ ఉండరు. దృశ్యం అదే, చదివిన తీరే వేరు.

బాక్సింగ్ నిర్ణయాలకి నాలుగు కొలతలు చెప్తారు. శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగు మీద పట్టు, రక్షణ. మొదటి మూడూ కంటికి కనబడతాయి. నాలుగోది జరగనిదాన్ని చూడటం. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఇది రోజూ ఉండే గొడవే. అర్ధరాత్రి కూలిన సర్వర్‌ని లేపినవాడికి చప్పట్లు కొడతారు. అది కూలకుండా ఆర్నెల్ల ముందే జాగ్రత్తపడ్డవాడి గురించి అప్రైజల్‌లో రాయడానికి ఏమీ ఉండదు.

సినిమాలూ అంతే. ప్రపంచ సినిమాలో అందరికీ తెలిసిన ఎడంచేతి బాక్సర్ రాకీ. 1976 నాటి ఆ మొదటి సినిమాలో రక్షణంతా మొహంతోనే చేసుకుంటాడు. రెండో భాగంలో అతనికి కుడిచేతి ఆట నేర్పిస్తారు, చివరి రౌండులో ఎడమకి మారి కొడతాడు. 2015లో వచ్చిన 'సౌత్‌పా' నాకు ఇంకా పెద్ద ఆశాభంగం. దెబ్బలు తినడమే పద్ధతిగా పెట్టుకున్న బిల్లీ హోప్‌కి ఒక ముసలి కోచ్ తనని తాను కాచుకోవడం నేర్పిస్తాడు. ఎంత మంచి కథ! తీరా చివర్లో అతను వాటం మార్చి ఎడంచేత్తో ఎదుటివాణ్ణి పడగొడతాడు. టైటిల్‌కి అర్థం అంతేనట. రెండు సినిమాల్లోనూ ఎడంచెయ్యి అంటే దాచిపెట్టిన ఆయుధం. అది ఒక నిలబడే పద్ధతి, ప్రపంచాన్ని ఇంకో కోణంలోంచి చూసే పద్ధతి అని వాటికి తోచదు.

మనవాళ్లంతా డబ్బింగ్‌లో చూసిన పా. రంజిత్ 'సార్పట్ట పరంపర' (2021)లో డాన్సింగ్ రోజ్ గుర్తున్నాడు కదా? ఆ సినిమా అంతటిలో అందరికీ నచ్చిన మనిషి అతనే. పట్టుకోవడానికి చిక్కడు. కానీ కథ అతనిది కాదు. దెబ్బలు కాచుకుని నిలబడే కబిలన్ దాటాల్సిన మెట్టు అతను. తప్పించుకునేవాడు ముచ్చటగా ఉండొచ్చు, నాయకుడు మాత్రం దెబ్బ తిన్నవాడే కావాలి. రక్తం కారకపోతే మనకి నమ్మకం కుదరదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో విటేకర్ మ్యాచ్ పెట్టాను. కాసేపు చూసి అడిగింది:

"ఆ వంగుతున్నోడే కదేట్రా గెలిసినాడు?"

"నేదు నాయనమ్మా. ఇద్దరూ సమానం అన్నారు."

"సమానమేటి? ఎవులు సూసినార్రా?"

ఆ ప్రశ్న బాక్సింగ్ దగ్గర ఆగలేదు. మా ఉద్దానం మీద వచ్చే కథలూ వ్యాసాలూ గుర్తు చేసుకున్నాను. తుపాను, కిడ్నీ జబ్బు, వలస. మేం అచ్చులోకి ఎక్కేది దెబ్బ తగిలినప్పుడే. అవన్నీ నిజాలే, రాయాల్సినవే. కానీ ఆ రాతల్లో మేం ఎప్పుడూ కిందపడ్డ మనుషులమే.

నేనూ తక్కువ తినలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. దాని మీద నేనొక కథ రాశాను. అందులో మా పశువుల పాక కూలుతుంది, మా నాన్న కూలిన చెట్ల మధ్య నిలబడతాడు. మిత్రులు మెచ్చుకున్నారు. నేను రాయనిది ఒకటుంది. ఆ రాత్రి గాలి మారడం గమనించి, నాయనమ్మ పాకలోకెళ్లి ఆవుల పలుపులు విప్పేసింది. పాక కూలింది, ఆవులు బతికాయి. కథలో పాక కూలడం ఉంది, పలుపులు విప్పడం లేదు. నేను కూడా 115-115 అని రాసిన జడ్జినే.

దీన్ని పెద్ద సూత్రం చెయ్యడం నాకిష్టం లేదు. నేర్పు ఉంటే అన్నీ తప్పించుకోవచ్చనడం, దెబ్బ తిన్నవాళ్లదే తప్పనడంతో సమానం. ఎటునుంచి వస్తోందో తెలియని దెబ్బని ఎవరూ తప్పించుకోలేరు. మా కిడ్నీ జబ్బుకి ఇదీ కారణమని ఈనాటికీ తేల్చి చెప్పినవాళ్లు లేరు. రింగులో ఎవరికీ దొరకని విటేకర్ 2019 జూలై 14న వర్జీనియా బీచ్‌లో రోడ్డు దాటుతూ కారు ఢీకొని చనిపోయాడు. యాభై అయిదేళ్లు.

నేనడిగేది చిన్నదే. కథ చదివేటప్పుడు తగిలిన దెబ్బల్ని లెక్కపెట్టడం మనకి బాగా వచ్చు. ఒకసారి శబ్దం తీసేసి, తగలని వాటిని కూడా చూద్దాం. ఆ జానెడు ఎవరు జరిగారు, ఎప్పుడు జరిగారు, అలా జరగాలని వాళ్లకెలా తెలిసింది? అదీ కథే.

జిమ్‌లో ఇప్పుడు నన్ను కొట్టడం కాస్త కష్టమే. తిత్లీ కథని మళ్లీ రాస్తున్నాను. ఈసారి పలుపుల దగ్గర మొదలవుతుంది.