రేవతి ఆత్మకథలో గృహము

రేవతి తమిళమున వ్రాసికొన్న ఆత్మకథ 2010లో ఆంగ్లానువాదముగా వెలువడినది. పి. సత్యవతి తెనిగించిన 'ఒక హిజ్రా ఆత్మకథ'కు 2019వ సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారము లభించినది. దీనిని హిజ్రాల ఆచారములను దెలుపు గ్రంథముగా మాత్రమే చదువువారు కలరు. ఆ పఠనము చాలదని మా యభిప్రాయము. గ్రంథమునకు ప్రాణము నామక్కల్ ప్రాంతపు ఆ యిల్లు.

దొరైసామి యను పేర పెరిగి, తాను స్త్రీనని యెఱిగి, ఇల్లు విడిచిపోయి మరలివచ్చిన బిడ్డను అన్న క్రికెట్ బ్యాటుతో కొట్టును. ఆస్తిభాగ మడిగిననాడు మరల తగవు. ఐనను ఆమె ఆ గుమ్మమునకే వచ్చుచుండును. కొట్టువారు పగవారు కారు, వంశగౌరవమును కాచుచున్నామనుకొనువారు. రచయిత్రి వారిని రాక్షసులుగా చిత్రింపలేదు. గ్రంథబల మిచ్చటనే కలదు.

2009లో అమెరికాయందు కేట్లిన్ ర్యాన్ బృందము ప్రకటించిన పరిశోధనమున, ఇంట తీవ్రతిరస్కారమునకు గురియైన స్వలింగ, ద్విలింగ ప్రేమికులగు యువజనులలో ఆత్మహత్యాయత్నములు, తిరస్కార మంతగా నెఱుగనివారికంటె 8 రెట్లకు పైగా కనబడినవి. దెబ్బలు తిన్న బిడ్డ మరల ఏల వచ్చునో ఆ లెక్క చెప్పజాలదు. ఈ గ్రంథము చెప్పును. పరిశోధక విద్యార్థులు ఈ పునరాగమన ఘట్టములను వరుసగా పోల్చి, ఒక్కొక్కమారు ఇంటివారు ఆమెను ఏమని పిలిచిరో గుర్తింపవలసియున్నది.