బంగారాన్ని కడిగే ఓపిక

సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ మిగలడమంటే పాలకుండలో విషపు చుక్క పడినట్టే. లక్ష పాళ్లలో ఒక్క పాలు దాటినా ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినానికి అంటుకుని దాని పని కట్టేస్తుంది. రాగి, జింక్ ఆక్సైడ్ల ఉత్ప్రేరకం నీటి ఆవిరి సాయంతో దాన్ని చాలావరకు వదిలిస్తుంది. అసలు పనితనమంతా చివరన మిగిలే ఆ ఒక శాతం దగ్గరే: కొద్దిగా గాలి పంపి మోనాక్సైడ్‌ను మాత్రమే కాల్చాలి, చుట్టూ ఉన్న హైడ్రోజన్ జోలికి పోకూడదు.

ఆ పనికి ఒక దారి బంగారం. 1987లో ఓసాకాలో మసతాకె హరుతా బృందం సన్నని బంగారు రేణువులను ఐరన్ ఆక్సైడ్ వంటివాటిపై నిలిపి, సున్నా డిగ్రీల కంటే ఎంతో దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించి చూపింది. దేనితోనూ కలవదని పేరుపడ్డ బంగారమే!

నాకు ముచ్చటేసేది ఆ బంగారు ఉత్ప్రేరకపు పొడి తయారుచేసేవాళ్ల ఓపిక. బంగారు క్లోరైడ్ ద్రావణంలో క్షారాన్ని చుక్క చుక్కగా వేస్తూ, పీహెచ్ గాడి తప్పకుండా కలియబెడతారు. ఆపైన బియ్యం కడిగినట్టు కడగడం. నీళ్లు తేటపడినా ఆగరు. ఆ నీళ్లు సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినా తెల్లబడకుండా ఉండేంతవరకు కడుగుతూనే ఉంటారు. క్లోరైడ్ కాస్త మిగిలినా, వేడిచేసేటప్పుడు రేణువులు కలిసిపోయి పెద్దవైపోతాయి, చురుకు పోతుంది. ఇక మళ్లీ మొదటి నుంచీ.