రెండు పండ్లేసింది

మొన్న సంతలో ఒక గొర్రెను చూపించి "ఇది ఎన్నేళ్లది కాకా?" అని అడిగాను. కాకా దాన్ని రెండు మోకాళ్ల మధ్య అదిమిపట్టి, బొటనవేలితో కింది పెదవి లాగాడు. "చూడు బిడ్డా, రొండు పండ్లేసింది" అన్నాడు.

వంగి చూశాను. పైన ముందు పళ్లే లేవు, గట్టి చిగుళ్లే. కింద బియ్యపు గింజల్లాంటి ఆరు పాలపళ్లు, వాటి నడుమ సొరగింజల్లా వెడల్పుగా రెండు కొత్తవి. నడిమి జత పాలపళ్లు ఊడి ఈ రెండూ రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఆ తర్వాత సుమారు ఏడాదికో జత చొప్పున నాలుగు, ఆరు, ఎనిమిది. ఇంగ్లండ్, న్యూజీలాండ్ రైతులు కూడా ఈ ఈడుదాన్ని 'టూ టూత్' అనే అంటారట. గొర్రె నోరు ఎక్కడైనా ఒకటే కదా!

కాపరి నోట 'రెండు పండ్లది' అంటే వయసొక్కటే కాదు. ఆడదైతే పొట్టేలు కింద వదలొచ్చు. మగదైతే విత్తనానికి ఉంచాలా, అమ్మాలా అన్నది తేల్చుకోవాలి. కట్టిందంటే సూడిది. అయిదు నెలలకు ఈనితే తొలిసూరుది. అక్కడి నుంచి లెక్క పళ్లలో కాదు, ఈతల్లో సాగుతుంది. మగవాటికి ఇన్ని మాటలు లేవు. పొట్టేలు పిల్ల, పొట్టేలు, విత్తనపు పొట్టేలు, అంతే. చాలావాటిని పాలపళ్లు ఊడకముందే కోతకు అమ్మేస్తారు, ఇక మాటలతో పనేముంది?

అసలు కాపరికి ఉత్త 'గొర్రె' అంటే ఆడదే. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు అని రాసుకుంది. సర్కారు కాగితంలో మంద మాట అలాగే నిలిచినందుకు నాకు చాలా సంతోషమేసింది. పట్నంలో మనం అన్నిటినీ కలిపి మటన్ అనేశాం. మా పిల్లలకు పొట్టేలంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది, అది నన్ను బాధపెట్టింది.

పొద్దెక్కాక ఒక బేరగాడు వచ్చి, కాకా పక్కన కట్టేసి ఉన్న ముసలి గొర్రె దగ్గర ఆగాడు.

"ఎన్ని పండ్లు?"

కాకా ఈసారి నోరు తెరిచి చూపించలేదు. దాని మెడ మీద చెయ్యేసి "ఏడు ఈతలీనింది" అన్నాడు.

బేరగాడు తనే వంగి పెదవి లాగాడు.