మూడు జతల శాలువాలు

ఒక గుర్రం, పన్నెండు మేకలు, మూడు జతల శాలువాలు. 1846 మార్చి 16న అమృత్‌సర్‌లో ఈస్టిండియా కంపెనీ రాయించుకున్న ఒప్పందంలో ఆఖరి షరతు ఇది. సిక్కులతో యుద్ధం గెలిచి దక్కించుకున్న కాశ్మీరును కంపెనీ 75 లక్షల రూపాయలకు జమ్మూ రాజు గులాబ్‌సింగ్‌కు అమ్మేసింది. అమ్మినా పెత్తనం మాదేనని ఏటా ఆయనకు గుర్తు చేయాలి కదా, అందుకే ఈ లెక్క. మేకలంటే సంతలో దొరికే మేకలు కాదు. శాలువా ఉన్ని ఇచ్చే మేలుజాతివి, ఆరు పోతులు, ఆరు పెంటిమేకలు. శాలువాలు కాశ్మీరువే అయి ఉండాలి. అలా ఇంగ్లండు చేరినవాటిని విక్టోరియా రాణి పెళ్లిళ్లకు కానుకలుగా ఇచ్చేది.

చలికి కప్పుకోవడానికైతే ఎవరూ ఇలా ఒప్పందాలు రాసుకోరు. శాలువా పుట్టి పెరిగిందంతా ఒకరు ఇంకొకరికి ఇచ్చే వస్తువుగానే అని నా అనుమానం. మొగలు పాదుషాలు మెచ్చినవాడికి ఖిలత్ పేరుతో బట్టలు పెట్టేవాళ్లు. వాటిలో కాశ్మీరు శాలువా ఉంటే ఆ మనిషి స్థాయే వేరు. మనకూ బట్టలు పెట్టే ఆచారం ముందునుంచీ ఉన్నదే. పెళ్లిలో వియ్యాలవారికి పెడతాం, గుడిలో స్వామివారి శేషవస్త్రం కప్పించుకుంటాం. కాబట్టి దర్బారు శాలువా మన వేదికలెక్కడానికి పెద్దగా కష్టపడి ఉండదు. రవీంద్రభారతిలోనైనా, త్యాగరాయ గానసభలోనైనా, మండల కేంద్రంలో హైస్కూలు వార్షికోత్సవంలోనైనా పాదుషా లేడు గానీ తంతు మాత్రం అదే.

ఈ మాట ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వెళ్లింది. మూలం ఫారసీ షాల్, మన శాలువాకూ అదే. అక్కడ ఇప్పుడు భుజం మీద వేసుకునే ఏ గుడ్డయినా షాలే. బామ్మ అల్లుకున్న ఊలుదీ షాలే, పసిబిడ్డను చుట్టేదీ షాలే. మనం మాత్రం దాన్ని రెండు ముక్కలు చేసుకున్నాం. డిసెంబరు పొద్దున వాకింగుకు వెళ్తూ కప్పుకునేది షాలు, సభలో ఇంకొకరు కప్పేది శాలువా. సన్మానం శాలువా కప్పుకుని పాలపాకెట్టుకు బయల్దేరినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇక దుశ్శాలువా ఉంది. దుశ్శాసనుడికి చుట్టంలా వినిపించే ఈ మాటలో నిజానికి చెడు ఏమీ లేదు. దో అంటే రెండు, దోశాలా అంటే శాలువాల జత. నేసిన శాలువాకు వెనకవైపు దారాల కొసలు బయటపడుతుంటాయి. రెండింటిని వెనకలు కలిపి వేసుకుంటే ఎటు చూసినా ముఖమే. శాలువాల్ని ఇలా జంటగా వేసుకోవడం అక్బరు మొదలుపెట్టాడనీ, చూడ్డానికి బాగుందనీ అబుల్ ఫజల్ ‘అయిన్-ఇ-అక్బరీ’లో రాశాడు. పాదుషా అంతటితో ఆగక శాలువా పేరే మార్చి ‘పర్మ్‌నర్మ్’ అన్నాడట, చాలా మెత్తనిదని. పాదుషా పెట్టిన పేరయినా జనం నోట నిలవలేదు. దోశాలా మాత్రం దక్కను దాటి మన ఆహ్వానపత్రికల దాకా వచ్చింది. మనం ఒక్కటే కప్పి దుశ్శాలువా అంటున్నాం. ఖర్చు సగం, గౌరవం పూర్తి.

అసలు సరుకు శ్రీనగర్‌ది కూడా కాదు. లడాఖ్‌లో 4,000 మీటర్ల పైన ఉన్న చాంగ్‌తాంగ్ పీఠభూమి మేకలది. పైన ముతక జుట్టు, దాని అడుగున చలికి పెరిగే మెత్తటి నూగు. ఆ నూగే పష్మ్. చలి తగ్గాక అది తనంతట తాను వదులవుతుంది. అప్పుడు కాపరులు మేకను పడుకోబెట్టి దువ్వెనతో దువ్వి తీస్తారు. పోగు మందం 12 నుంచి 16 మైక్రాన్లు, అంటే సుమారుగా మన తలవెంట్రుకలో అయిదో వంతు. ఈ నూగు కోసం రాజ్యాలు సంధులు చేసుకున్నాయి. 1684లో లడాఖ్‌కూ టిబెట్‌కూ మధ్య తింగ్‌మోస్‌గాంగ్‌లో కుదిరిన ఒప్పందంలో పష్మ్ వర్తకం ఏ దారిన పోవాలన్నది ఒక ముఖ్యాంశం. శ్రీనగర్ చేరాక పని ఆడవాళ్లది. ముతక వెంట్రుకలు ఏరి, నానబెట్టి దంచిన బియ్యప్పిండి పట్టించి, పిండి దులిపి, యెందర్ అనే రాట్నం మీద వడుకుతారు. బియ్యప్పిండి నూగులోని జిడ్డు లాగేస్తుంది. ఇడ్లీకో అట్టుకో మరో పిండివంటకో తప్ప బియ్యం నానబెట్టని మనకు ఇది వింతే.

1660ల్లో ఔరంగజేబు వెంట కాశ్మీరు వెళ్లిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఈ పని కళ్లారా చూశాడు. పట్నాలో, ఆగ్రాలో, లాహోరులో ఇలాంటివి నేయాలని ఎంత ప్రయత్నించినా ఆ మెత్తదనం రాలేదనీ, బహుశా కాశ్మీరు నీళ్ల మహిమేమోననీ అన్నాడు. అదే ఊపులో ఆయన ఉదాహరణ ఇచ్చింది మన మచిలీపట్నానికి. అక్కడ చేత్తో వేసే అద్దకాల రంగులు ఉతికినకొద్దీ తేరతాయని, అదీ ఆ ఊరి నీళ్ల గుణమేనని జనం చెప్పుకుంటారట. కలంకారీకి నీళ్లు ఎంత ముఖ్యమో పెడన వాళ్లనడిగితే ఇప్పటికీ చెబుతారు. కాశ్మీరు సంగతి వేరు. అక్కడ నీళ్లకంటే మనుషుల వేళ్లదే ఎక్కువ పాలు.

నాంపల్లి నుమాయిష్‌లో కాశ్మీరు దుకాణాల వరస దగ్గర మా ఆవిడ ఎప్పుడూ ఆగుతుంది, కొనదు. మొన్న జనవరిలో ఒకతను వేలి ఉంగరం తీసి, శాలువాను అందులోంచి అటునుంచి ఇటు లాగి చూపించాడు. అసలు పష్మినాకు ఇదే గుర్తు అన్నాడు. మా ఆవిడ అతని చేతిలోంచి ఉంగరం తీసుకుని తన చున్నీ దూర్చి లాగింది. కోఠీలో కొన్న పాలియెస్టరు చున్నీ, సుబ్బరంగా దూరిపోయింది. అతను పగలబడి నవ్వి, బల్లకింద నుంచి తెల్లగుడ్డలో చుట్టిన మూట తీశాడు. “సీధా మత్ దేఖో దీదీ, ఉల్టా దేఖో,” అంటూ ‘కానీ’ అనే చిన్న పుల్లలతో నేసిన శాలువా ఒకదాన్ని తిరగేసి పరిచాడు. ముందువైపు ఎర్రటి పూలతోట. వెనకవైపు రంగు మారిన ప్రతిచోటా దారాలు ఒకదాన్నొకటి మెలివేసుకుని సన్నటి గీతలుగా ఉన్నాయి. మరమగ్గంది అయితే వెనకాల రంగుదారాలు వేలాడుతూనో, కత్తిరించిన కొసలతోనో ఉంటాయన్నాడు.

ఉంగరం కథ షాతూష్ దగ్గర పుట్టింది. టిబెటన్ జింక చిరూ ఉన్ని అది, పష్మ్ కన్నా సన్నం. దువ్వి తీసే వీల్లేదు, చంపాల్సిందే. ఒక్క శాలువాకు మూడు నుంచి అయిదు జింకలు పోతాయి. 1979 నుంచి అంతర్జాతీయంగా దాని అమ్మకం నిషేధం, మన దేశంలోనూ నేరమే. ఎవరైనా “అసలు సిసలు రింగ్ షాల్” అని గుసగుసగా చెబితే వినకుండా వచ్చేయడం మేలు.

ఈ ‘కానీ’ నేత గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మన మగ్గంలో నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పేకను లాక్కుపోతుంది. ఇక్కడ నాడె లేదు. రంగు దారం చుట్టిన చిన్నచిన్న కర్రపుల్లలు వందలకొద్దీ పడుగు మీద వేలాడుతుంటాయి. వాటి మొనలు గరుకెక్కకుండా కొద్దిగా కాల్చి ఉంచేవాళ్లని 1822–23లో శ్రీనగర్‌లో ఉన్న విలియం మూర్‌క్రాఫ్ట్ రాశాడు. రెండు దారాలు ఎరుపు, నాలుగు పచ్చ, ఒకటి నలుపు అని ఎంత మేర ఏ రంగు కావాలో అంత మేరకే ఆ పుల్లను దూర్చి, పక్క రంగుతో మెలివేసి వదిలేయాలి. ఒక వరస పూర్తయ్యేసరికి మన చీరెల మగ్గం మీద జానెడు దిగుతుంది. ఏ రంగు ఎన్ని దారాలకో రాసిన కాగితాన్ని తాలీం అంటారు. బొమ్మ ఉండదు, గుర్తులే ఉంటాయి. మన ఆడవాళ్లు చుక్కల లెక్క చెప్పుకుంటూ ముగ్గు వేసినట్టు, ఒకరు చదువుతుంటే ఇంకొకరు నేస్తారు. ఇంకో చిత్రం ఏమిటంటే, శాలువా ముఖం కిందవైపుకు ఉంటుంది. నేస్తున్నంతకాలం నేతగాడి కళ్లముందు ఉండేది ఆ వెనకవైపే. పెద్ద శాలువాకు ఏడాదిన్నర పట్టేదనీ, తొందరకు దాన్నే ముక్కలుగా వేరువేరు మగ్గాల మీద నేయించి రఫూగర్లతో అతుకు కనిపించకుండా కుట్టించేవాళ్లనీ మూర్‌క్రాఫ్టే చెప్పాడు.

ఇంత చేసినవాడికి మిగిలింది దాగ్. దాగ్ అంటే ముద్ర. నేసిన ప్రతి శాలువా మీద సర్కారు ముద్ర పడాలి, ముద్రకు పన్ను కట్టాలి. దానికి దాగ్‌షాల్ అని ఒక కచేరీయే ఉండేది. అఫ్గాన్ల కాలంలో మొదలైన ఈ పద్ధతిని తర్వాత వచ్చిన సిక్కులూ డోగ్రాలూ వదులుకోలేదు. బాకీ తీరక, మగ్గం వదిలిపోయే వీల్లేక చాలామంది చాటుగా కొండలు దాటి పంజాబు చేరారు. అమృత్‌సర్‌లో, లూధియానాలో శాలువా నేత అలా పెరిగిందే. ముద్ర బాధ తప్పించుకోవడానికే ఎంబ్రాయిడరీ శాలువా వచ్చిందనేది ఇంకో ముచ్చట. 1803లో ఖ్వాజా యూసుఫ్ అనే అర్మేనియన్ వ్యాపారి ప్రతినిధి, నేయడానికి బదులు సాదా గుడ్డ మీద సూదితో అదే డిజైను కుట్టించాడు. పన్ను తప్పింది, ఖర్చూ బాగా తగ్గింది. ఇప్పుడు మనం కాశ్మీరీ పనితనం అని మురిసిపోయే సూదిపనిలో కొంత పన్ను ఎగవేత ఉందన్నమాట. నాకైతే దానివల్ల ఆ పని మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

1865 ఏప్రిల్ 29న శ్రీనగర్ జాల్‌దగర్ మైదానంలో శాలువా నేతగాళ్లు గుమిగూడారు. పన్ను తగ్గించమన్నారు, దాగ్‌షాల్ అధికారి దిష్టిబొమ్మను ఊరేగించారు. సైన్యం వచ్చి ఈటెలతో తరిమింది. వంతెన మీదికి తోసుకెళ్లినవాళ్లు కాలవలో పడ్డారు. 28 మంది చనిపోయారని చెబుతారు, నాయకుల్ని జైల్లో వేశారు. మేడే పుట్టడానికి ఇంకా 20 ఏళ్లకు పైనే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో అమృత్‌సర్ ఒప్పందం చదివాను గానీ దీని గురించి ఒక్క వాక్యం చదివిన గుర్తు లేదు.

అక్కడ అలా ఉంటే, ఐరోపాలో కథ ఇంకోలా నడిచింది. 1798లో నెపోలియన్‌తో ఈజిప్టు వెళ్లినవాళ్లు తెచ్చిన శాలువాలు పారిస్ ఆడవాళ్లకు పిచ్చెక్కించాయి. జోసఫీన్ రాణి అయితే వాటితో గౌన్లే కుట్టించుకుంది. స్కాట్లండులో పెయిస్లీ అనే ఊరు 1805 ప్రాంతం నుంచి నకళ్లు నేయడం మొదలుపెట్టి, తర్వాత జకార్డు మగ్గాలతో కాశ్మీరును ధరలో ఓడించింది. కాశ్మీరు బూటాకు ప్రపంచమంతా ఆ ఊరి పేరే పెట్టింది. మన నేతగాళ్లు మాత్రం దాన్ని మామిడి పిందె అనే అంటారు, ఎవరికీ బాకీ లేకుండా. 1870–71లో ఫ్రాన్సు ప్రష్యాతో యుద్ధంలో ఓడిపోయాక కొనే చేతులు పోయాయి. గౌన్ల వెనకభాగం ఎత్తుగా ఉండే ఫ్యాషన్ వచ్చి శాలువా వేసుకునే వీలూ పోయింది. ఆ దశాబ్దం చివర్లో కాశ్మీరులో కరువు. పెయిస్లీ మగ్గాలూ అప్పుడే ఆగాయి. ఓడించినవాడూ ఓడినవాడూ ఒకేసారి పడ్డారు.

విజయవాడ వస్త్రలతలో సన్మానం శాలువాలకు విడిగా అరలున్నాయి. కొట్టు కుర్రాడు గుడ్డ గురించి అడగడు. “ఏ రేంజిలో కావాలి సార్? చీఫ్ గెస్టుకి వేరేది ఇవ్వమంటారా?” అని అడుగుతాడు. మరమగ్గం సరుకు. జరీలా మెరుస్తుంది గానీ జరీ కాదు, ఉన్ని అంతకన్నా కాదు. మే నెలలో కరెంటు పోయిన హాల్లో అది మీద పడితే మెడంతా దురద. అయినా ఎవరూ తీయరు, ఎందుకంటే ఫొటోగ్రాఫరు ఇంకా సర్దుకుంటున్నాడు. కప్పే ఇద్దరూ చెరో కొస పట్టుకుని నవ్వు నిలబెట్టుకుని ఉంటారు, మధ్యలో సన్మానితుడు మెడ వంచుకుని ఉంటాడు. “సార్, ఇంకొక్కసారి కప్పండి.” మళ్లీ తీస్తారు, మళ్లీ కప్పుతారు. ఇంటికెళ్లాక దాని బతుకు నాలుగు రకాలు: బీరువా అడుగున మడత, కంప్యూటరు మీద దుమ్ముగుడ్డ, పనిమనిషికి దానం, లేదా ఇంకో సభలో ఇంకొకరి భుజం. ఈ చివరిది అందరూ చేస్తారు, ఎవరూ ఒప్పుకోరు.

ఆ మధ్య మా ఊరి సాహితీ సంస్థవాళ్లు పిలిస్తే, శాలువా మాత్రం వద్దని ముందే చెప్పాను. కావాలంటే మంగళగిరి చేనేత కండువా వేయమన్నాను. కార్యదర్శి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“కండువా మెడలో వేస్తే ఒక్కరితో సరిపోతుంది గురువుగారూ. శాలువా అయితే అటు కొస ఎమ్మెల్యేగారు, ఇటు కొస స్పాన్సరుగారు పట్టుకుంటారు. మరి రెండోవారిని ఎక్కడ నిలబెట్టమంటారు?”