సంగమం అన్న మాట చాలునా? హైదరాబాదు సంస్కృతిపై ఒక పరిశీలన

హైదరాబాదు నగర సంస్కృతిని గురించి వ్రాసేవారు 'గంగా-జమునా సంస్కృతి' అన్న పదబంధంతో ప్రారంభించి దానితోనే ముగించడం పరిపాటి. రెండు నదులు కలిసినట్లే అనేక జాతులు, భాషలు ఇక్కడ సహజంగా ఏకమయ్యాయన్నది దాని ధ్వని. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే వచ్చినవారు ఏ మార్గాన వచ్చారు, వారికీ స్థానికులకూ మాట్లాడే అధికారం ఏ మేరకు దక్కింది అన్న ప్రశ్నలను అది మరుగుపరుస్తుంది.

నగర నిర్మాతయే ఇరాన్ నుంచి తరలివచ్చిన వంశానికి చెందినవాడు. 1591లో నగరాన్ని స్థాపించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో కవిత్వం చెప్పాడు. ఆయనకు పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ కూడా ఇరాన్ నుంచి వచ్చినవాడే. అంతకుముందు ఇబ్రహీం కుతుబ్‌షా అద్దంకి గంగాధరకవి కృతిని అంకితం పొందాడు. పొన్నికంటి తెలగన్న తన 'యయాతి చరిత్ర'ను పొట్లచెరువు, అనగా నేటి పటాన్‌చెరు, అధిపతియైన అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. తొలి అచ్చ తెనుగు కావ్యం పారసీకం రాజ్యమేలుతున్న కాలంలో ఒక ముస్లిం ప్రభువు ఆదరణలో వెలువడటం గమనార్హం. భాషాశుద్ధికీ సాంస్కృతిక సమ్మేళనానికీ సహజవైరం ఉన్నదన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క కావ్యమే పూర్వపక్షం చేస్తుంది.

ఐనా ఆదరణ వేరు, అధికారం వేరు. ఆసఫ్‌జాహీల కాలంలో హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా సంతతి సిద్దీలు సైనికులుగా స్థిరపడ్డారు. బార్కస్, ఏ.సి.గార్డ్స్ అన్న పేటల పేర్లు నేటికీ ఆ కొలువును చెబుతున్నాయి. మొదటి సాలార్‌జంగ్ ఉత్తరాది విద్యావంతులను ఉన్నతోద్యోగాలకు రప్పించాడు. 1884లో పారసీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. ఒక రాజభాష పోయి మరొకటి వచ్చినా, రాజ్యంలో అత్యధికులు మాట్లాడే తెలుగు కచేరీ గడప వెలుపలనే నిలిచింది. ముల్కీ, గైర్‌ముల్కీ వివాదానికి మూలం వలస మాత్రమే కాదు. కొలువుల పంపకం కూడా.

1921 నవంబరులో వివేకవర్ధనీ ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు హేళన చేశారు. ఆంధ్ర జనసంఘం ఆవిర్భావానికి ఆ అవమానమే తక్షణ కారణం. అనేక భాషలు వినిపించిన సభలోనే ఒక భాషకు చోటు లేకపోయింది. వైవిధ్యం ఉన్నంత మాత్రాన సమానత్వం ఉన్నట్లు కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక' 354 మంది కవులను ముందుంచింది. అది ద్వేషంతో కాక సాక్ష్యంతో ఇచ్చిన జవాబు కావడం విశేషం.

కథాసాహిత్యంలో నెల్లూరి కేశవస్వామి ఈ సంక్లిష్టతను గుర్తించాడు. ఆయన హైదరాబాదు కథలలో హిందూ ముస్లిం కుటుంబాలు ఉపమానాలుగా కాక ఇరుగుపొరుగు మనుషులుగా కనిపిస్తాయి. 1948 నాటి సంఘటనల నేపథ్యంగల 'యుగాంతం'లో స్నేహమూ భయమూ ఒకే వీథిలో నడుస్తాయి. సంగమవాదులు వదిలివేసేది సరిగ్గా ఈ భయాన్నే.

అరబ్బుల వంటకమైన హలీం నేడు హైదరాబాదు సొత్తు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. రుచిని స్వీకరించడం నగరానికి సులభం, మనిషిని స్వీకరించడం కష్టం. 2020 మే 1న దేశంలో తొలి శ్రామిక ప్రత్యేక రైలు నగర శివారులోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో వెళ్లినవారు ఇక్కడి కట్టడాలకు చెమట ధారపోసినవారు. వారి భాష, పాట, పండుగ నగర సంస్కృతి చరిత్రలో ఇంకా ఒక అధ్యాయం కాలేదు. సంస్కృతిని గురించి వ్రాసే విమర్శకులు, దానిని పోషించే సంస్థలు తమ కృషిని కొలుచుకోవలసిన గీటురాయి ఇదే: ఎన్ని నదులు కలిశాయన్నది కాదు, కలిసిన తరువాత ఏ నది పేరు మిగిలింది, ఏది చెరిగిపోయింది అన్నది.