వీలునామా: ఎవరి వీలు?

మొన్న పరీక్షాపత్రములు దిద్దుచుండగా, "వీలునామా" యను మాటకు "వీలునుబట్టి వ్రాసికొను కాగితము" అని యొక బాలుడు వ్రాసిన యర్థము మా కంటబడినది. పెద్దలలోను బెక్కుమంది యభిప్రాయ మిదియే గావున నతనిని దప్పుపట్టుటకు మనసొప్పలేదు.

ఈ వీలు మన వీలు కాదు. ఇచ్ఛ యను నర్థముగల యింగ్లీషు "విల్" శబ్దమునకు లేఖ యను నర్థముగల పారసీక "నామా" చేరి కచ్చేరీలలో నీ మాట యేర్పడినది. సంస్కృత నామశబ్దముతో దీనికి బని లేదు; కరారునామాలోని నామాయే యిది. (రాజీనామా యన్నను మొదట రాజీపత్రమే. ఉద్యోగము మానువారి చేతిలో బడి యర్థము మాఱినది.) "విల్లు" అన్నచో దెలుగువానికి ధనుస్సు తోచును, "వీలు" అన్నచో సౌకర్యము తోచును, చెవి రెండవదానిని వరించినది. ఈ "వరించుట" మేము ఊరక వాడలేదు. సంస్కృతపు వృ ధాతువునకును "విల్"నకును మూలమొక్కటియే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన వరమును వరుడును దానికి జ్ఞాతులే.

అయినను మన స్మృతులలో నిట్టి పత్రమునకు బేరే లేదు. దాయభాగ మున్నది, స్త్రీధన మున్నది, దత్తత యున్నది. పుట్టుకతోనే కొడుకునకు హక్కునిచ్చు మితాక్షరకుటుంబములో దండ్రి యిచ్ఛకు జోటెక్కడిది? 1870లో హిందూవిల్లుల చట్టము వచ్చినది. ఉమ్మడిలోని తన వంతును సయితము వ్రాసియిచ్చు నధికారము 1956లోగాని కలుగలేదు. కొందఱు "మరణశాసన" మందురు. నేడు వ్రాసి ఱేపు మార్చుకొనదగినది శాసన మెట్లగును?

ఆ 1956 చట్టమే తండ్రి స్వార్జితములో గూతునకు గొడుకుతో సమానభాగ మిచ్చినది. ఉమ్మడియాస్తిలో 1986నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ కొంత, 2005నాటి కేంద్రసవరణ పూర్తిగా హక్కునిచ్చినవి. కాని తండ్రి తన స్వార్జితమును, తన వంతును గొడుకులకే వ్రాసినచో నంతమేరకు నామె కేమియు రాదు. "పెండ్లిలో నిచ్చితిమి గదా, వీలునామా యొకటి వ్రాసిన సరి" యని యిండ్లలో వినుచునే యున్నాము. బాలుడు వ్రాసిన యర్థ మిచ్చట నిజమైనది. ఆ వీలు కొడుకులది.

చట్టమునకు గావలసినవి స్వల్పము: వ్రాసినవాని సంతకమో గుఱుతో, ఇద్దఱు సాక్షులు. స్టాంపు లేదు, రిజిస్ట్రీ నిర్బంధము లేదు. అందుచేతనే, మంచముపైనున్నవానిచేత వ్రాయించుటలో బూనుకొన్నవాడే దానివలన లాభమును బొందినచో, ఆ యనుమానమును దీర్చు భారము వానిదే యని 1958లో సుప్రీముకోర్టు చెప్పినది. ఇంటిలో నెవ్వరు నడుగని ప్రశ్నను న్యాయాధిపతి యడుగుచున్నాడు: ఇది యెవరి యిచ్ఛ?